పారేసే ముందు కొలిచి చూడండి

పాత అంబాసిడర్ కారును మీరెప్పుడైనా దగ్గరగా చూశారా? వరికుంటపాడు, ఉదయగిరి, ఆత్మకూరు రోడ్ల మీద ఇప్పుడు అది అరుదే. మీ తాతగారిని అడిగితే చెబుతారు, ఒకప్పుడు పెళ్ళికొడుకు వచ్చినా, పెద్ద అధికారి వచ్చినా ఆ కారులోనే వచ్చేవారని. బ్రిటన్‌లోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాతో 1950ల చివర మన దేశంలో దాని తయారీ మొదలైంది. 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో ఆగిపోయింది.

అలాంటి పాత కారులో గేరు సరిగా పడకపోతే ఏం చేయాలి? "గేరు బాక్సు మొత్తం మార్చేయండి" అని చాలామంది తేలిగ్గా చెబుతారు. ఈ సలహా తొందరపాటు సలహా అని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

చాలాకాలం వచ్చిన అంబాసిడర్లలో గేరు రాడ్డు నేల మీద ఉండదు, స్టీరింగు కింద ఉంటుంది. అందుకే ముందు సీట్లో ముగ్గురు కూర్చోగలిగేవారు. కాని ఈ సౌకర్యం వల్ల చేతికీ గేరు బాక్సుకూ మధ్య దూరం పెరిగింది. చేయి కదిపిన కదలిక కొన్ని కడ్డీలు, కీళ్ళు దాటుకుని గేరు బాక్సును చేరాలి. ప్రతి కీలు దగ్గరా ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్షు ఉంటాయి. ఏళ్ళ తరబడి రాపిడి జరిగితే పిన్ను సన్నబడుతుంది, రంధ్రం పెద్దదవుతుంది. మెకానిక్కులు దీన్నే "లూజు వచ్చింది" అంటారు.

ఈ లూజు ఎంత ఉంటుంది? ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక్కో కీలులో 0.4 మిల్లీమీటరు లూజు ఉందనుకోండి. అంటే దాదాపు నాలుగు నోటుపుస్తకం కాగితాల మందం. ఇదేం పెద్ద విషయం అనిపిస్తుంది. కాని అలాంటి కీళ్ళు అయిదు ఉంటే మొత్తం 2 మిల్లీమీటర్లు! గేరు పడడానికి లోపలి భాగం 9 మిల్లీమీటర్లు జరగాలనుకుంటే, రాడ్డును చివరిదాకా నెట్టినా 7 మిల్లీమీటర్లే జరుగుతుంది. పళ్ళు పూర్తిగా కలవవు. బరువు పడగానే గేరు జారిపోతుంది. వెలికొండల వైపు ఏటవాలు రోడ్డు దిగుతున్నప్పుడు ఇలా జరిగితే ఏమవుతుంది? అంతవరకు బండిని వెనక్కి పట్టి ఉంచిన ఇంజను పట్టు తప్పుతుంది. భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి. కాగితం మందం లోపమే ప్రాణం మీదికి తేవచ్చన్నమాట.

ఇప్పుడు ఆలోచించండి. లోపం బయటి కీళ్ళలో ఉంటే, గేరు బాక్సు మార్చినందువల్ల లాభమేమిటి? డబ్బు పోతుంది, జబ్బు మిగులుతుంది. తెలివైన మెకానిక్కు ముందుగా ఇంజను ఆపి, బండి కదలకుండా చక్రాలకు అడ్డు పెడతాడు. కడ్డీని గేరు బాక్సు నుంచి విడదీసి, బాక్సు మీది మీటను చేత్తో కదిపి చూస్తాడు. గేర్లు గట్టిగా, స్పష్టంగా పడితే లోపం బయట ఉంది. అప్పుడూ సరిగా పడకపోతే లోపలే ఉంది. ఒక్క అంశాన్ని మాత్రమే మార్చి ఫలితం చూడడం! మీ సైన్సు మాస్టారు ప్రయోగశాలలో చెప్పే పద్ధతి ఇదే కదా?

లోపల అరిగేవి కూడా కొన్ని ఉన్నాయి. గేరును పక్కకు జరిపే ఫోర్కు కొసలు తిరిగే గాడిలో రాసుకుంటాయి. గేరును తన చోట నిలిపి ఉంచే చిన్న ఉక్కు గోళీ వెనుక స్ప్రింగు బలహీనపడుతుంది. బండి నడుపుతూ గేరు రాడ్డు మీద చేయి ఆనించి ఉంచే అలవాటు ఫోర్కును త్వరగా అరగదీస్తుంది. అరిగిన ఫోర్కు కొసల మీద ఇత్తడి కరిగించి పూసి, ఆకురాయితో సరైన కొలతకు తెచ్చే పనివారున్నారు. సాగిన రంధ్రాన్ని గుండ్రంగా చేసి, లేతు మీద తయారు చేసిన గన్‌మెటల్ బుష్షు దిగగొడతారు. బుష్షును పిన్నుకన్నా మెత్తని లోహంతో ఎందుకు చేస్తారు? చవకైన బుష్షు అరిగి, ఖరీదైన భాగాన్ని కాపాడాలని. అరిగిపోవడమే దాని ఉద్యోగం! ఎద్దుబండి ఇరుసుకు కందెన వేసే రైతుకు ఈ రాపిడి సంగతి ఏనాడో తెలుసు. రాపిడి, అరుగుదల, కందెనల శాస్త్రానికి "ట్రైబాలజీ" అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది మాత్రం 1966లో, బ్రిటన్‌లో వెలువడిన ఒక నివేదికతో.

అన్నిటినీ అతుకు వేసి నడపమని నేననడం లేదు. పగులిచ్చిన ఫోర్కును, పళ్ళు విరిగిన గేరును మార్చి తీరాలి. గట్టిపరచిన ఉక్కును అజాగ్రత్తగా వేడిచేస్తే దాని గట్టిదనం పోతుంది. అలాంటి మరమ్మతు కన్నా మరమ్మతు చేయకపోవడమే మేలు. "పొగ చిమ్మే పాతబండ్ల మీద ఇంత శ్రమ ఎందుకు?" అని కొందరు అడుగుతారు. రోజువారీ ప్రయాణాలకు కొత్త బండ్లే మంచివి, ఒప్పుకుంటాను. కాని 50 ఏళ్ళు దాటి, మూలరూపం చెడని సొంత వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసే నిబంధనలు మన దేశంలో 2021లో వచ్చాయి. ఆ బండ్లను నిలబెట్టేది ఎవరు? పైగా లోపం ఎక్కడుందో వెదికి పట్టుకునే నేర్పు పాతబండికే పరిమితం కాదు. మోటారు పంపుకూ, కుట్టుమిషనుకూ, రేపటి విద్యుత్ కారుకూ అదే నేర్పు కావాలి.

ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఏ చెక్క దేనికి పనికొస్తుందో తెలిసిన చేతిని మనం గౌరవించాం. ఏ లోహం ఎక్కడ అరుగుతుందో తెలిసిన చేతికి అంత గౌరవం ఇస్తున్నామా? "చదువు రాకపోతే మెకానిక్ షెడ్డులో వేస్తాను" అని పిల్లల్ని బెదిరించే పెద్దలు ఇంకా ఉన్నారు. ఆ షెడ్డులో ఉన్నదీ చదువే. అయితే చాలావరకు ఎవరూ రాసిపెట్టని చదువు. ముసలి మెకానిక్కు పని మానిన రోజున అదీ పోతుంది.

విద్యార్థులారా! మీ ప్రయోగశాలలో వెర్నియర్ కాలిపర్స్ ఉంటుంది. ఏడాదికోసారి దానితో ఒక లోహపు గోళీని కొలిచి, తిరిగి బీరువాలో పెడతారు. ఈసారి మీ మాస్టారి అనుమతితో దాన్ని దగ్గరలోని షెడ్డుకు తీసుకువెళ్ళండి. తీసి పక్కన పడేసిన ఒక పాత పిన్నును అడిగి తీసుకోండి. ఒకే చోట, ఒకదానికొకటి అడ్డంగా ఉండే రెండు దిక్కులలో దాని మందం కొలవండి. రెండు అంకెలూ ఒకటిగా ఉన్నాయా? తేడా ఉంటే ఎటువైపు ఎక్కువ అరిగింది? బలం ఎటునుంచి పడింది? మెకానిక్కును అడిగి, ఆయన చెప్పింది మీ నోటుపుస్తకంలో రాసుకోండి. ఒక యంత్రాన్ని పారేయాలో, బాగుచేయాలో చెప్పే హక్కు కొలిచి చూసినవారికే ఉంటుంది.