సొమ్ము మనది... తాళం ఎవరిది?

అమెరికాలో దిగిన మనవాళ్లు సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు ఖాతా అయిపోయాక వెతుక్కునేది కారే. న్యూయార్క్ లాంటి ఒకటి రెండు నగరాలు వదిలేస్తే, ఈ దేశంలో కారు లేకపోతే కాళ్లు లేనట్టే. అందుకే డాలరు డాలరు కూడబెట్టి పాత క్యామ్రీయో, సివిక్కో కొనుక్కుంటాం. లోను తీరి, బ్యాంకు పేరు లేని టైటిల్ చేతికొచ్చిన రోజు "హమ్మయ్య, ఇక ఇది మనదే" అనుకుంటాం.

నిజంగా మనదేనా? ఇనుము మనది. టైర్లు మనవి. స్పీడింగ్ టికెట్లు కూడా మనవే! కానీ లోపలున్న కంప్యూటర్లు రాసుకునే లెక్కలు, వాటిని తెరిచే తాళాలు మాత్రం వేరేవాళ్ల చేతుల్లో ఉంటున్నాయి. సొమ్మొకడిది సోకొకడిది అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ముందు లెక్కల సంగతి చూద్దాం. ఈమధ్య వస్తున్న చాలా కార్లలో సెల్‌ఫోన్ లాంటి పరికరం ఒకటి కంపెనీలోనే బిగించి వస్తోంది. దాని ద్వారా కారు ఎటు పోయింది, ఎంత వేగంతో పోయింది, ఎన్నిసార్లు గట్టిగా బ్రేకు పడింది అన్నవన్నీ కంపెనీకి చేరగలవు. 2024 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక లీజుకు తీసుకున్న షెవర్లే బోల్ట్ నడిపే ఒకాయన కథ బయటపెట్టింది. 2022లో ఆయన ఇన్సూరెన్స్ 21 శాతం పెరిగింది. కారణం వెతుకుతూ లెక్సిస్‌నెక్సిస్ అనే సంస్థ నుంచి తన రిపోర్టు తెప్పించుకుంటే 258 పేజీలు వచ్చాయి. ఆరు నెలల్లో ఆయనా, ఆయన భార్యా చేసిన 640 ప్రయాణాల చిట్టా అందులో ఉంది. చిత్రగుప్తుడు కూడా ఇంత ఓపిగ్గా రాయడేమో!

మనవాళ్లు ఎక్కువగా కొనే కార్ల సంగతీ అంతే. అదే ఏడాది జూలైలో సెనేటర్లు రాన్ వైడెన్, ఎడ్ మార్కీ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు లేఖ రాశారు. హోండా 97,000 కార్ల సమాచారం వెరిస్క్ అనే సంస్థకు ఇచ్చి 25,920 డాలర్లు తీసుకుందని అందులో చెప్పారు. అంటే కారుకు 26 సెంట్లు. హ్యుందాయ్ అయితే 61 సెంట్లు. మన రాకపోకలన్నీ కలిపి ఒక సమోసా ఖరీదు కూడా చేయలేదన్నమాట.

ఒప్పుకున్నట్టు మీరే నొక్కారు కదా అంటాయి కంపెనీలు. నిజమే, డీలరు దగ్గర తాళాలు తీసుకునే తొందరలో ఎక్కడ నొక్కమంటే అక్కడ నొక్కేస్తాం. ఆ పేజీలన్నీ చదివే తీరిక ఎవరికుంది? ప్రమాదం జరిగితే సాయం పంపడానికి, దొంగతనం జరిగితే కారును పట్టుకోవడానికి ఈ పరికరం పనికొస్తుంది. కాదనడం లేదు. కానీ సాయం కోసం ఇచ్చిన సమాచారాన్ని మన ఇన్సూరెన్స్ పెంచడానికి వాడితే అది సాయమెలా అవుతుంది? ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో జనరల్ మోటార్స్‌పై చర్య ప్రకటించింది కూడా ఇందుకే. డ్రైవర్ల సమాచారాన్ని ఐదేళ్లపాటు ఇలాంటి రిపోర్టింగ్ సంస్థలకు ఇవ్వకూడదన్నది అందులోని షరతు.

ఇక తాళం సంగతి. క్రెడిట్ హిస్టరీ లేని కొత్తవాళ్లకు అప్పు మీద కారు అమ్మే లాట్లు ఊరికి నాలుగుంటాయి. వాయిదా తప్పితే ఇంజను స్టార్టు కాకుండా దూరం నుంచే ఆపేసే పెట్టెలు కొందరు ఆ కార్లలో పెడుతుంటారు. 2010లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఉద్యోగం పోయిన ఒక వ్యక్తి, తన పాత యజమాని అమ్మిన వందకు పైగా కార్లను ఈ పద్ధతిలోనే ఆటపట్టించాడు. కొన్ని స్టార్టు కాలేదు, కొన్ని ఆగకుండా హారన్ మోగించాయి. సక్రమంగా వాయిదాలు కట్టినవాళ్లు కూడా పనికి పోలేక కూర్చున్నారు. మనకు పని పోతే వీసా కూడా ఇబ్బందిలో పడుతుంది. కాబట్టి ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదు.

ఈ బాధ కార్లవాళ్లదే కాదు, రైతులది కూడా. లక్షల డాలర్లు పోసి జాన్ డీర్ యంత్రం కొన్న అమెరికా రైతు, కోతల మధ్యలో అది ఆగిపోతే డీలరు సాఫ్ట్‌వేర్ కోసం ఎదురుచూడాల్సి వస్తోంది. మరమ్మతుల మీద గుత్తాధిపత్యం చేస్తోందంటూ 2025 జనవరిలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీపై దావా వేసింది. కొలరాడో రాష్ట్రం 2023లోనే రైతులకు మరమ్మతు హక్కు చట్టం చేసింది. మసాచుసెట్స్‌లో 2020 నవంబరులో ఓటర్లు, దాదాపు నలుగురిలో ముగ్గురు, కారు పంపే సమాచారం యజమానికీ, అతను కోరుకున్న మెకానిక్‌కీ అందాలన్నారు. కార్ల కంపెనీలు కోర్టుకెక్కాయి. నాలుగేళ్లు నడిచాక, 2025 ఫిబ్రవరిలో ఫెడరల్ జడ్జి ఆ కేసు కొట్టేశారు.

మన ఊళ్లో ట్రాక్టరు ఆగితే వేపచెట్టు కింద మేస్త్రీ విప్పి, సాయంత్రానికి బిగించి ఇస్తాడు. ఫోన్లో కనిపించే ట్రాక్టర్లు అక్కడా వస్తున్నాయి. భారత ప్రభుత్వం 2022 డిసెంబరులో తెరిచిన మరమ్మతు హక్కు పోర్టల్‌లో వ్యవసాయ పరికరాలను కూడా చేర్చింది. మంచిదే. కానీ ఇంటికి డబ్బు పంపి ట్రాక్టరు కొనిపించే ముందు "దీన్ని మన మేస్త్రీ బాగుచేయగలడా?" అని ఒక్క మాట అడగమని నాన్నకు చెప్పండి.

మరి ఇక్కడ మనం చేయగలిగిందేమిటి? కారు కొనేటప్పుడు సమాచారం ఎవరికి పోతుందో, ఆపే పెట్టె ఏమైనా ఉందో రాతపూర్వకంగా అడగాలి. సెట్టింగుల్లో డ్రైవింగ్ స్కోరు లాంటివి ఉంటే తీసేయాలి. లెక్సిస్‌నెక్సిస్ నుంచి మన రిపోర్టు ఏడాదికోసారి ఉచితంగా తెప్పించుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ కారైతే పాత యజమాని ఖాతా తీసేయించాలి. లేదంటే కారు ఎక్కడుందో అతని ఫోన్లో ఇంకా కనిపించే ప్రమాదముంది. ఇండియాకి తిరిగి వెళ్తూ అమ్మేసేవాళ్లు తమ ఇంటి అడ్రసు, ఫోన్ నంబర్లు కారులోంచి చెరిపేయాలి.

హెచ్ వన్‌బీ మీద ఉన్నవాళ్లకు, గ్రీన్ కార్డువాళ్లకు ఇక్కడి ఫెడరల్, రాష్ట్ర ఎన్నికల్లో ఓటు లేదు. కానీ పన్ను కడుతున్నాం, కారు కొంటున్నాం. చట్టసభల సభ్యుడికి ఉత్తరం రాయడానికి పౌరసత్వం అక్కర్లేదు. సిటిజన్లయిన అన్నయ్యలు, అక్కయ్యలు తమ రాష్ట్రంలో ఇలాంటి బిల్లు వచ్చినప్పుడు ఓటుతో మాట్లాడాలి. తెలుగు సంఘాలు ఉగాది, సంక్రాంతి వేడుకల్లో టాక్స్, ఇమిగ్రేషన్ సలహాల పక్కన దీనికీ ఓ అరగంట కేటాయించాలి. డబ్బు కట్టినవాడికే తాళం ఉండాలని అడగడం గొంతెమ్మ కోరికేం కాదు.