రెండు గదుల మధ్య నల్లజాతి కౌమారం

అమెరికా జనాభాలో నల్లజాతీయులు దాదాపు 12 శాతం. 2022లో అక్కడ కొత్తగా హెచ్‌ఐవి సోకినవారిలో మాత్రం వారి వాటా 37 శాతమని ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రం అంచనా. ఈ అంకె చూడగానే ‘వాళ్ల అలవాట్లే అంత’ అనేవారు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. పరిశోధనలు చెప్పేది వేరు. ప్రవర్తన ఒకే తీరుగా ఉన్నా ప్రమాదం ఒకే తీరుగా లేదు. నివాసాలు వేరైనచోట పరిచయాలూ ప్రేమలూ చిన్న వలయంలోనే తిరుగుతాయి; పరీక్షలూ వైద్యమూ సరిగా అందని ఆ వలయంలో ఇన్‌ఫెక్షన్ నిలిచిపోతుంది. వెలివాడల సంగతి తెలిసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

దీనికి మానసిక అనారోగ్యం తోడైన పిల్లల గురించి ఆలోచించేవారు మరీ తక్కువ. కుంగుబాటులో ఉన్న పదహారేళ్ల అమ్మాయికి కండోమ్ ఎందుకు వాడాలో తెలియక కాదు. వదిలి వెళ్లిపోతాడేమోనన్న భయంలో ఆ మాట నోట రాదు. ఉద్వేగం అదుపు తప్పిన అబ్బాయికి బడిలో విన్న పాఠం ఆ క్షణాన అక్కరకు రాదు. మనసుకు వైద్యం చేసే గదిలో లైంగిక జీవితం ప్రస్తావనకు రాదు. ఇన్‌ఫెక్షన్‌కు మందిచ్చే గదిలో మనసు గురించి అడగరు. పైగా చాలామంది ఆ మొదటి గది దాకానే చేరరు. తెల్లజాతి పిల్లవాడిలో జబ్బుగా కనిపించే అలజడి, నల్లజాతి పిల్లవాడిలో దుష్ప్రవర్తనగా నమోదవుతుంది. వాడు వైద్యుడికి బదులు పోలీసును చూస్తాడు.

ఫిలడెల్ఫియాలో నర్సింగ్ పరిశోధకురాలు బ్రిడ్జెట్ బ్రానర్ ‘ప్రాజెక్ట్ గోల్డ్’ పేరిట ఈ రెండు గదుల మధ్య గోడ తీసే ప్రయత్నం చేశారు. మానసిక చికిత్స పొందుతున్న 14–17 ఏళ్ల నల్లజాతి పిల్లలకు ఉద్వేగాలను సంబాళించుకోవడం, ఇన్‌ఫెక్షన్ నివారణ కలిపి నేర్పడం దాని పద్ధతి.

అయితే ఆ సమాజం వైద్యాన్ని నమ్మడం తేలిక కాదు. టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ ఆరోగ్య సేవా విభాగమే వందలాది నల్లజాతి పురుషుల సిఫిలిస్‌కు వైద్యం చేయకుండా, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా, జబ్బు ముదరడాన్ని నమోదు చేసుకుంది.

నమ్మకాన్ని ఇలా పోగొట్టడంలో మనమూ వెనకబడలేదు. లైంగికంగా సంక్రమించే హెచ్‌పీవీని అడ్డుకునే టీకాను 2009లో ఖమ్మం జిల్లా బాలికలకు వేశారు. వారిలో చాలామంది గిరిజన, దళిత హాస్టళ్ల పిల్లలు. టీకా మంచిదే, తర్వాత జరిగిన మరణాలకు అదే కారణమని విచారణలో తేలలేదు. కానీ తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

అమెరికాలో అన్ని రాష్ట్రాల చట్టాలూ కౌమారులు లైంగిక సంక్రమణ వ్యాధులకు తమంతట తాము చికిత్స పొందేందుకు ఏదో ఒక మేరకు వీలిస్తున్నాయి. ఇక్కడ 2012 నాటి పోక్సో ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు వారి సమ్మతికి విలువ లేదు. సంగతి తెలిసిన వైద్యుడు పోలీసులకు చెప్పి తీరాలి. దాడికి గురైన బిడ్డకు అది రక్షణే. ఈడు వారితో ప్రేమలో పడి, కుంగుబాటుతో సతమతమవుతున్న గురుకుల విద్యార్థిని మాత్రం ఆస్పత్రి గడప తొక్కదు. సెక్షన్ 19లో ఇలాంటివారి చికిత్సకు మినహాయింపు కావాలి. హాస్టళ్లలో మనసు గురించీ శరీరం గురించీ ఒకే గదిలో మాట్లాడగల, విన్నది వార్డెన్‌కు చేరవేయని కౌన్సెలర్లను నియమించాలి.