తాయెత్తు కట్టే ముందు ఒక పాట వినండి



కామారెడ్డి బ్రాంచ్‌లో తొమ్మిదో తరగతికి ఇంగ్లిష్ చెబుతాను. ఈ నెల గ్రామర్ గురించి కాకుండా, నేను చేసిన ఒక పొరపాటు గురించి రాస్తున్నాను.

యూనిట్ టెస్ట్ ముందు నోట్‌బుక్కులు దిద్దుతుంటే ఒక అబ్బాయి పుస్తకం చివరి పేజీలో బొమ్మ కనిపించింది. పాత నీటి మర, దాని ముందు నల్లబట్టల్లో ఒక ఆడమనిషి. కింద ‘బ్లాక్ సబ్బాత్’ అని రాసి ఉంది. ఫోన్‌లో వెతికితే క్షుద్రం, సైతాను అనే మాటలే వచ్చాయి. అబ్బాయిని ఒక్క మాట కూడా అడగకుండా ఆ పేజీ ఫోటో తీసి వాళ్లమ్మగారికి వాట్సాప్‌లో పంపాను.

మర్నాడు ఆమె ఫోన్ చేశారు. “మేడం, వీనికి గాలిగిట్ల సోకిందేమో. ఎల్లారెడ్డి దిక్కు తాయెత్తు కట్టే ఆయన ఉన్నడట, ఆదివారం తీస్కపోతం.” సోమవారం అబ్బాయి చేతికి తాయెత్తుతో వచ్చాడు. ఫోన్ తీసేసుకున్నారు. అప్పటిదాకా క్లాసులో ముందుగా చెయ్యెత్తేవాడు, మూడు వారాలు నోరు విప్పలేదు.

అప్పుడు ఆ ఆల్బమ్ నేను విన్నాను. 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల మధ్య పెరిగిన నలుగురు కుర్రాళ్లు ఒక్క రోజులో రికార్డు చేశారు. గిటార్ వాయించే టోనీ ఐయోమీకి 17 ఏళ్లప్పుడు రేకుల ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకుని మళ్లీ వాయించాడు. బృందం పేరు ఒక దెయ్యాల సినిమాది. జనం డబ్బులిచ్చి మరీ భయపడటానికి వెళ్తున్నారు కదా, అలాంటి సంగీతం మనమెందుకు చేయకూడదు అనుకున్నారట.

మొదటి పాట వాన చప్పుడుతో, చర్చి గంటతో మొదలవుతుంది. తర్వాత గిటార్‌పై మూడు స్వరాలు: స, పై స, ప్రతి మధ్యమం. ఈ స్వరాల దూరాన్ని పాశ్చాత్యులు సంగీతంలోని సైతాను అన్నారు. మన కల్యాణి రాగంలో ఉన్నదీ అదే ప్రతి మధ్యమం, అది విని మనమెవరం భయపడం. ఇక పాటలో మనిషి సైతానును పూజించడు. నల్లటి ఆకారాన్ని చూసి వణికిపోయి, కాపాడమని దేవుణ్ణి వేడుకుంటాడు. గాయకుడు ఓజీ ఆస్బోర్న్ తండ్రి ఆ నలుగురికీ లోహపు శిలువలు చేసి ఇచ్చాడు. అది చదివినప్పుడు నాకు మన తాయెత్తే గుర్తొచ్చింది.

మీరు 2009లో ‘అరుంధతి’ చూసే ఉంటారు. నేనప్పుడు ఎల్లారెడ్డిలో చిన్న క్లాసులో ఉన్నాను. పశుపతి గొంతు ఎవరు బాగా తీస్తారా అని ఇంటర్వెల్‌లో పోటీ పెట్టుకునేవాళ్లం. రాత్రి అమ్మ పక్కన ముడుచుకుని పడుకునేదాన్ని. మాలో ఎవరికీ దెయ్యం పట్టలేదు.

చివరికి అబ్బాయిని అడిగాను, అందులో నీకేం నచ్చిందని. “భయమైతది మేడం. కానీ పాట అయిపోంగనే భయం కూడా అయిపోతది” అన్నాడు. పరీక్షలు, ర్యాంకుల భయం అలా అయిపోదు కదా. అయిపోయే భయం పిల్లలకు ఎందుకు నచ్చుతుందో నాకు అప్పుడు అర్థమైంది.

మన పల్లెల్లో బాణామతి, చేతబడి అన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మీరూ చదివారు. ఆ భయం ఎవరినీ ఏమీ అడగదు. ఫోటో పంపిన రోజు నేను చేసిందీ అదే. అబ్బాయికి, వాళ్లమ్మగారికి క్షమాపణ చెప్పాను.

మీకో చిన్న మనవి. మీ పిల్లల పాటలు మీకు భయం కలిగిస్తే, ఫోన్ లాక్కునే ముందు పక్కన కూర్చుని ఒక పాట వినండి. నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి. రాత్రి ఇన్నింటి తర్వాత వద్దు, సౌండ్ ఇంతకు మించొద్దు అని హద్దు పెట్టండి. అయితే నిద్ర, తిండి తగ్గినా, స్నేహితులకు దూరమైనా, చచ్చిపోతానన్న మాట వచ్చినా ఆలస్యం చేయకండి. డాక్టర్‌కు చూపించండి, లేదా ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. మాకూ చెప్పండి. ఈసారి నేను ముందు పిల్లవాణ్ణే అడుగుతాను.