మాండవ్యుని ప్రశ్న

కొవ్వూరు గోష్పాద క్షేత్రంలో స్నానఘట్టం మెట్లమీద నిలిచి చూస్తే, గోదావరి ఆవలిగట్టున రాజమహేంద్రవరం కనిపిస్తుంది. సుమారు వెయ్యేళ్లనాడు రాజరాజనరేంద్రుని ఆస్థానంలో నన్నయభట్టు మహాభారతాన్ని తెనిగించడం ప్రారంభించిన నగరమది. కేంద్ర కారాగారం ఉన్న నగరం కూడా అదే. అటువైపు చూసినప్పుడల్లా నాకు ఆదిపర్వంలోని మాండవ్యుని కథ గుర్తుకు వస్తుంది.

మాండవ్య మహర్షి మౌనవ్రతంలో ఉన్నాడు. రాజధనాన్ని దొంగిలించినవారు భటులకు భయపడి ఆయన ఆశ్రమంలో దాగారు. భటులు ప్రశ్నించారు, ముని బదులు చెప్పలేదు. వెదికితే సొమ్ము దొరికింది, దొంగలూ దొరికారు. మునికి కూడా దొంగతనంలో పాలున్నదని రాజు నమ్మి, ఆయనను కొఱత వేయించాడు. తరువాత నిజం తెలిసి క్షమాపణ కోరాడు. కాని శూలపు మొన మహర్షి దేహంలోనే ఉండిపోయింది. అందుకే ఆయన అణిమాండవ్యుడయ్యాడు. తాను చేసిన తప్పేమిటని ఆయన యమధర్మరాజును నిలదీశాడు. బాల్యంలో తూనీగలను గుచ్చి హింసించిన పాపానికి ఇది ఫలమని యముడు చెప్పాడు. తెలిసీతెలియని వయసులో చేసిన తప్పుకు ఇంత దండనా అని కోపించి, మహర్షి ధర్మదేవతనే శపించాడు.

ఈ కథలో రెండు ప్రశ్నలున్నాయి. దోషిగా నిర్ణయించడానికి ఆ సాక్ష్యం సరిపోయిందా? విధించిన దండన తప్పుకు తగినదేనా? నేటి అప్పీలు న్యాయస్థానాలు అడిగేవి కూడా ప్రధానంగా ఈ రెండు ప్రశ్నలే.

ఒకనాడు తరగతిలో ఈ కథ చెబుతుండగా ఒక విద్యార్థి లేచి, “మాస్టారూ, నేరం రుజువయ్యాక మళ్లీ పైకోర్టులెందుకండీ? డబ్బున్నవాళ్లు తప్పించుకోవడానికే కదా!” అన్నాడు. ఆ మాటలో కొంత ఆవేదన ఉంది. కొంత నిజమూ ఉంది. కాని అది పూర్తి నిజం కాదు.

తీర్పు చెప్పేవారు పొరపడవచ్చునని మన పూర్వులకు తెలుసు. తప్పుగా తీర్చిన వ్యవహారాన్ని రాజు తిరిగి పరిశీలించాలనీ, అలా తీర్చిన సభ్యులను దండించాలనీ యాజ్ఞవల్క్యస్మృతి చెప్పింది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర వ్యాఖ్య ఆధారంగా పదమూడవ శతాబ్దంలో కేతన మన భాషలో ‘విజ్ఞానేశ్వరీయము’ రచించాడు.

అప్పీలు న్యాయస్థానం చేసే పని ఒక మనిషికి జరిగిన అన్యాయాన్ని సరిదిద్దడంతో ముగియదు. అది చెప్పిన కారణాలు రాబోయే వ్యాజ్యాలకు దారి చూపుతాయి. సర్వోన్నత న్యాయస్థానం ప్రకటించిన న్యాయసూత్రం దేశంలోని అన్ని న్యాయస్థానాలకూ శిరోధార్యమని రాజ్యాంగం 141వ అధికరణం చెబుతున్నది. ఇలాంటి సూత్రాలలో కొన్ని మన తెలుగువారి ఊళ్లలో జరిగిన ఘటనల నుంచే పుట్టాయి.

1937 మార్చిలో పిఠాపురానికి చెందిన ఒక బంట్రోతు, తనకు రావలసిన బాకీ వసూలు చేసుకోవడానికి బరంపురం వెళుతున్నానని భార్యతో చెప్పి బయలుదేరాడు. రెండు రోజుల తరువాత పూరీలో, రైలుపెట్టెలో వదిలివేసిన ఒక ఇనుప ట్రంకులో అతని శవం దొరికింది. భార్యతో ఆ మాట అన్ననాటికి అతనికి మరణభయమేమీ లేదు. మరి ఆ మాట సాక్ష్యమవుతుందా? అవుతుందని 1939లో పాకాల నారాయణస్వామి కేసులో లండనులోని ప్రీవీ కౌన్సిల్ నిర్ణయించింది. మరణానికి దారితీసిన పరిస్థితులకు సంబంధించిన మాట అయితే చాలునన్నది. ఆ తీర్పే, నేరాన్ని ఒప్పుకోని మాటలను నేరాంగీకారంగా భావించరాదని కూడా స్పష్టం చేసింది. ఒకే తీర్పు చనిపోయినవాని గొంతునూ కాపాడింది, నిందితుని హక్కునూ కాపాడింది.

గుంటూరు జిల్లాకు చెందిన పులుకూరి కోటయ్య కేసులో 1946లో అదే ప్రీవీ కౌన్సిల్ మరొక గీత గీసింది. నిందితుడు పోలీసుల అదుపులో ఉండి, గడ్డివామిలో దాచిన ఆయుధాన్ని చూపిస్తానన్నాడనుకుందాం. ఆయుధం దొరికితే, అది అక్కడ ఉన్నట్లు అతనికి తెలుసునన్నంతవరకే ఆ మాట సాక్ష్యం. “దానితోనే చంపాను” అన్న మాట సాక్ష్యం కాదు. వస్తువు దొరకడం వేరు, నేరం రుజువు కావడం వేరు. మాండవ్యుని శిక్షించిన రాజు ఈ తేడాను గమనించలేదు.

ఇక రెండవ ప్రశ్న దండన గురించినది. ఈడిగ అనమ్మ ఆంధ్రప్రదేశ్‌కు చెందిన యువతి. ఒక స్త్రీనీ, ఆమె పసిబిడ్డనూ చంపిన నేరానికి ఆమెకు ఉరిశిక్ష పడింది. హైకోర్టు దానిని ధ్రువపరచింది. 1974లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ శిక్షను యావజ్జీవ కారాగారంగా మార్చారు. నేరం ఘోరమైనదే. అయినా ఆమె వయసు, అత్తవారింటి నుంచి గెంటివేతకు గురైన బతుకు, ఆమెపై ఆధారపడిన బిడ్డ, రెండేళ్లకు పైగా ఉరిభయంతో గడిపిన కాలం కూడా లెక్కలోనికి రావాలన్నారు. నేరాన్నే కాదు, నేరస్థుని కూడా చూడాలన్న ఈ దృష్టి, 1980లో బచ్చన్‌సింగ్ కేసులో ‘అత్యంత అరుదైన’ సందర్భాలలోనే ఉరి విధించాలన్న సూత్రంలోనూ నిలిచింది. 2024 జూలై 1 నుంచి కొత్త నేర చట్టాలు అమలులోకి వచ్చినా, సెషన్స్ కోర్టు విధించిన ఉరిశిక్షను హైకోర్టు ధ్రువపరచాలన్న నియమం కొనసాగుతున్నది.

ఇంత చెప్పినా, ఆ విద్యార్థి సందేహం పూర్తిగా తీరదు. 2007లో విజయవాడ సమీపంలోని ఒక వసతిగృహంలో ఒక విద్యార్థిని హత్యకు గురైంది. ఆ కేసులో పట్టుబడిన పేద యువకుణ్ణి 2010లో కింది కోర్టు దోషిగా నిర్ణయించింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా ప్రకటించి, లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలన్నది. అప్పటికి అతని జీవితంలో ఎనిమిదేళ్లకు పైగా చెరసాలలో గడిచిపోయాయి. అతడు విడుదలై బయటికి వచ్చింది మనకు ఆవలిగట్టున ఉన్న రాజమహేంద్రవరం కారాగారం నుంచే. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు మాత్రం ఆ తీర్పుతో దోషి ఎవరో తెలియలేదు.

అప్పీలు లేకపోతే ఆ యువకుడు ఇంకా లోపలే ఉండేవాడేమో. కనుక అప్పీలు నేరస్థులు తప్పించుకొనే దొడ్డిదారి అనుకోవడం పొరపాటు. అయితే ఆలస్యంగా వచ్చిన న్యాయం పోయిన యౌవనాన్ని తిరిగి ఇవ్వలేదు. దర్యాప్తు నిజాయితీగా సాగాలి; అప్పీళ్లు త్వరగా తేలాలి. ఖైదులో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందవచ్చునని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతున్నది. ఆ సహాయం కాగితంమీది హక్కుగా మిగలకుండా, సమర్థుడైన న్యాయవాది రూపంలో పేదవానికి అందాలి.

విద్యార్థులారా! ఎవరైనా పట్టుబడ్డారన్న వార్త వినగానే “ఉరితీయండి” అని కేకవేయడం సులభం. అలా అనబోయే ముందు, ఆశ్రమంలో సొమ్ము దొరికిన ఆ మునిని ఒక్కసారి తలచుకోండి. రాజు తన తప్పు తెలుసుకొని శూలాన్ని తీయించబోయాడు. మొన మాత్రం రాలేదు. న్యాయం రెండవసారి ఆలోచించాలని మనం కోరేది ఎవరి దేహంలోనూ ఆ మొన మిగలకూడదనే.