నడిసముద్రంలో చమురు నౌక

ట్రాయ్ నగరవాసి పెట్రోలు నిండుకుంటే బిగ్ బీవర్ రోడ్డు పక్కన కారు ఆపుకోగలడు. యుద్ధనౌకకు ఆ వీలు లేదు. నడిసముద్రంలో ఆగిన ఓడ శత్రువుకు సులువైన గురి. అందుకే చమురు నౌక, యుద్ధనౌక సుమారు 50 మీటర్ల ఎడంలో, ఒకే వేగంతో సాగుతుండగా ఉక్కుతాడుకు వేలాడే గొట్టం గుండా ఇంధనం అందిస్తారు. నడుమనున్న ఇరుకులో నీటి వేగం హెచ్చి పీడనం తగ్గడం వల్ల ఓడలు ఒకదానినొకటి లాగుకొంటాయి. చుక్కాని పట్టినవాడు రెప్ప వాల్చరాదు. ఇంధనపు ఆవిరి నిప్పురవ్వకు అంటుకొనే కనీస ఉష్ణోగ్రత, అనగా ఫ్లాష్ పాయింట్, 60 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గరాదన్న నియమం మీదనే నావికుల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. (పెట్రోలుకైతే అది సున్నాకు ఎంతో దిగువ!)

కొత్త యుద్ధనౌకకు పత్రికలు హారతులు పడతాయి. చమురు మోసే ఓడను తలచేవారు అరుదు. వంటింటిని మరచి విందును మెచ్చుకొనడమే ఇది. విశాఖ కేంద్రంగా పనిచేసిన ఐ.ఎన్.ఎస్. జ్యోతి 1996లో రష్యా నుండి, శక్తి 2011లో ఇటలీ నుండి వచ్చాయి. ఇరుగుపొరుగు దేశాలతో చెడినప్పుడు ఈ పరాధీనత ఎంత ప్రమాదకరమో చెప్పనవసరం లేదు. 2023 ఆగస్టులో విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డుకు ఇటువంటి ఐదు నౌకలు, ఒక్కొక్కటి సుమారు 44,000 టన్నులవి, అప్పగించడం ఏ యుద్ధనౌక జలప్రవేశానికీ తీసిపోని ఘట్టం. 1948లో నెహ్రూ ‘జల ఉష’ను నీట దింపినది ఆ కర్మాగారం నుండే.