కురచబడిన చొక్కా

హౌరా పక్కనున్న లిలువాలో రైలుపెట్టెల కర్మాగారం 1900లో వెలసింది. అటువంటి చోట నూనె, మసి అంటిన నూలు దుస్తులకు వేడినీరు తప్పదు. జీతం అందిన వారంలో కొన్న చొక్కా చేతులు తొలి ఉతుకుకే మణికట్టు దాటి పైకెక్కుతాయి.

తప్పు ఉతికినవారిది కాదు. మగ్గంమీద, ఆపై మిల్లులో తుదిమెరుగు దిద్దేటప్పుడు దారాలను లాగి బిగిస్తారు. నీరు తగలగానే ఆ బిగువు సడలుతుంది. తడిసిన పోగు లావెక్కుతుంది కూడా. లావైన పేకను చుట్టిరావడానికి పడుగుకు అదనపు పొడవు కావాలి. ఆ పొడవు బట్టలోనుంచే పోతుంది. అమెరికాలోని ట్రాయ్ నగరంలో శాన్‌ఫర్డ్ క్లూయెట్ 1930 ప్రాంతంలో రూపొందించిన పద్ధతి, ఈ కుదింపును బట్ట కత్తిరించక ముందే ముగించేస్తుంది. ‘శాన్‌ఫరైజ్డ్’ అన్న ముద్ర ఆయన పేరునుంచి వచ్చినదే.

ఆ ముద్ర లేని చొక్కాను గోరువెచ్చని నీటిలో, తలకు వాడే కండిషనర్ రెండు చెంచాలు కలిపి, అరగంట నాననివ్వాలి. పోగులు ఒకదానిపై ఒకటి జారడానికే ఆ కండిషనర్. తరువాత పిండకుండా తువాలులో చుట్టి అదమాలి. సరిపోయే పాతచొక్కాను కొలతగా పక్కన పరచుకొని, కొద్దికొద్దిగా లాగి, అంచులపై బరువులుంచి నీడలో ఆరనివ్వాలి. హుగ్లీ తీరపు వానకాలంలో ఇందుకు రెండు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. ఆత్రపడి లాగితే కుట్లు తెగుతాయి.

అల్లిక బనియను ఈ చికిత్సకు బాగా లొంగుతుంది. నేత చొక్కా మొండిది. అరంగుళం దక్కినా లాభమే. మరొక వేడినీటి ఉతుకు పడితే ఆ అరంగుళమూ పోతుంది. కనుక అటుపై దానిని చన్నీటిలోనే ఉతకాలి, నూనెమరకను సబ్బుతో విడిగా రుద్దుకోవాలి.