బరువు ఎక్కడ?

ఆ మధ్య మా అన్నయ్య దగ్గరనుంచి ఫోనులో ఒక ముక్క వచ్చింది. "అమ్మ మందులు నేను కొన్నాను" అని. అంతే. ఆ "నేను" చూడగానే నాకు చురుక్కుమంది. "నువ్వు కొనలేదు, నేను కొన్నాను" అని దెప్పుతున్నాడనుకున్నాను. జవాబివ్వలేదు. పదిహేను రోజులపాటు అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. చివరికి అమ్మే కల్పించుకున్నది. "కొనడం అయిపోయిందిరా, నువ్వు మళ్ళీ కొని డబ్బు తగలెయ్యకు అని వాడి భావం!" అన్నది.

తెలుగులో ఎమ్మే చదివి, ఏళ్ళ తరబడి పిల్లలకు వాక్యాలు విడదీసి చెబుతున్న నాకు నాలుగు మాటల వాక్యం బోధపడలేదన్నమాట! తప్పు నాదే. కాని ఆ వాక్యం కూడా పూర్తిగా నిర్దోషి కాదు. ఎదుటపడి అంటే బరువు ఏ మాటమీద ఉన్నదో గొంతే చెప్పేది. రాతలో గొంతు ఉండదు గదా!

ఈ రకం తగాదాకు చోటివ్వని భాష ఒకటున్నది. దాని పేరు రెండిలే. ఉత్తర కెన్యాలో, తుర్కానా సరస్సుకు తూర్పున ఉన్న ఎండు భూముల్లో ఒంటెలు మేపుకొనే జనం భాష అది. 2019 జనాభా లెక్కల్లో వాళ్ళు లక్షకు కాస్త తక్కువ. సోమాలీ భాషకు దగ్గర చుట్టం.

రెండిలేలో "ఇనమ్" అంటే కుర్రవాడు, "యిమి" అంటే వచ్చాడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఊరుకుంటే చాలదు. బరువు ఎక్కడో చెప్పి తీరాలి. "ఇనమ్-ఏ యిమి" అంటే వచ్చింది కుర్రవాడు అని. "ఇనమ్ అ-యిమి" అంటే కుర్రవాడు రానే వచ్చాడు, రావడం జరిగింది అని. పేరుకు తగిలించే "ఏ", క్రియకు ముందు వచ్చే "అ", ఈ రెండూ కంఠస్వరం చెయ్యవలసిన పని చేస్తున్నాయి. 1978లో ఆంత్వానెట్ ఊమెన్ అనే భాషాశాస్త్రవేత్త ఈ సంగతి మీదనే ఒక వ్యాసం ప్రకటించారు.

ఆ "ఏ" చూసి మన "రాముడే", "సీతే" గుర్తుకు వచ్చాయా? నాకూ వచ్చాయి. కాని చుట్టరికం కలపకండి. అది కేవలం కాకతాళీయం. పైగా పనిలోనూ తేడా ఉన్నది. మనం "రాముడే వచ్చాడు" అంటే తక్కినవాళ్ళు రాలేదన్న ధ్వని ఉంటుంది. రెండిలే "ఏ" ఎవరినీ తోసివెయ్యదు. "నేను చెప్పదలచిన కొత్త సంగతి ఇదీ" అని వేలు పెట్టి చూపుతుంది, అంతే.

ఇక పెద్ద చుట్టం సోమాలీ. అక్కడ ఈ పనికి విడి మాటలే ఉన్నాయి. "అలీ బా యిమిద్" అంటే వచ్చింది అలీ. "అలీ వూ యిమిద్" అంటే అలీ వచ్చాడు. "అలీ మోస్ బూ ఉనయ్" అంటే అలీ తిన్నది అరటిపండు. ("బా" పక్కన "అతడు" అనే మాట చేరి "బూ" అయింది, "వా" కూడా అలాగే "వూ" అయింది.) ఒక వాక్యంలో ఇలాంటి గుర్తు ఒక్కటే. రెండు చోట్ల బరువు పెట్టడానికి వీల్లేదు.

"ఎవరు వచ్చారు?" అనడానికి "యా యిమిద్?" అంటారు. ఆ "యా"లోనే "బా" కలిసిపోయి ఉన్నది. అడిగినవాడు "బా"తో అడిగాడు గనుక జవాబూ "బా"తోనే చెప్పాలి. "అలీ వూ యిమిద్" అంటే మాట నిజమే గాని, అడిగినదానికి జవాబు కాదు!

అన్నిటికంటే చిత్రమైనది ఇంకొకటి. "ఆ మగవాళ్ళు వచ్చారు" అనేటప్పుడు సోమాలీలో క్రియ బహువచనంలో ఉంటుంది, "యిమాదేన్" అని. కర్త మీద బరువు పెట్టి "బా" చేర్చారో, క్రియ ఏకవచనానికి దిగిపోతుంది: "నిమంకీ బా యిమిద్". ఇదేం వింత అనుకోకండి. మన ఇంట్లో రోజూ జరిగేదే. "వాళ్ళు వచ్చారు" అంటాం. బరువు పెడితే "వచ్చింది వాళ్ళు" అంటాం. చేసింది నేను, చేసింది నువ్వు, చేసింది వాళ్ళు. కర్త ఎవరైనా క్రియ "చేసింది" దగ్గరే ఆగిపోతుంది. ఏ సంబంధమూ లేని రెండు భాషలు ఒకే యుక్తి పన్నాయి.

సోమాలీకి అధికార లిపి వచ్చింది 1972లో. అంతవరకు ముఖ్యంగా నోటిమీద బతికిన భాష రాతలోకి వెళ్ళినప్పుడు ఈ గుర్తులు కూడా వెంట వెళ్ళాయి. ఉత్తరం చదివేవాడికి రాసినవాడి గొంతు వినబడకపోయినా బరువు ఎక్కడో తెలుస్తుంది.

ప్రతి వాక్యమూ ఎవరో మనసులో అడిగిన ప్రశ్నకు జవాబే. అన్నయ్య జవాబు చెప్పింది "మందులు కొన్నారా?" అనే ప్రశ్నకు. నేను విన్నది "ఎవరు కొన్నారు?" అనే ప్రశ్నకు జవాబు. ఆ ప్రశ్న నా మనసులోదే. నేను కొనలేదన్న సంగతి అందరికంటే ముందు నాకే తెలుసు మరి!

ఈ నెల మందులు కొన్నాను. అన్నయ్యకు కబురు పంపాను, "మందులు కొనడం అయింది" అని. "నేను" రాయలేదు.